కన్యాకుమారి దాకా సైకిల్ మీద: వెనక చక్రం తట్టుకుంటుందా?

సైకిల్ మీద దూరం పోయొచ్చినోళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండన్నా. డిసెంబర్‌లో అనంతపురం నుంచి 44వ నంబర్ హైవే పట్టుకుని కన్యాకుమారి పోవాలని ఉంది, దాదాపు 900 కిలోమీటర్లు. 1884లో థామస్ స్టీవెన్స్ ఆ ఎత్తు చక్రం సైకిల్‌తో ప్రపంచయాత్రకు బయల్దేరినాడని చదివినప్పటి నుంచి నిద్ర పట్టడంలేదు. (మా అమ్మకు ఇంకా చెప్పలేదు.)

మొన్న ఆదివారం పది కిలోల మూట క్యారియర్‌కి కట్టుకుని గుత్తి దాకా పోయినా. తిరిగొస్తుంటే పామిడి దగ్గర టక్‌మంది. వెనక చక్రంలో రెండు స్పోకులు తెగినాయి, రెండూ చైన్ వైపువే. రిమ్ము వంకరపోయి బ్రేకుకు రాసుకుంటా ఉంటే ఇల్లు చేరేసరికి చీకటి పడింది. షాపాయన కొత్తవి వేసి, "బరువంతా వెనకే కడితే ఇంతే" అన్నాడు.

నాది 32 స్పోకుల చక్రం. 36ది వేయించుకోవాలా, సగం మూట ముందుకు మారిస్తే చాలా? పెనుకొండ ఘాట్ మూటతో తొక్కినోళ్లున్నారా? రాత్రిళ్లు పెట్రోల్ బంకుల్లో పడుకోనిస్తారా?