మారిషస్ తెలుగు పిల్లలకు ఆన్‌లైన్ పాఠం: ముందు మాటా, అక్షరమా?

గవర్నర్‌పేట:
1830ల నుంచి చెరకు తోటల పనికి మారిషస్ వెళ్లినవాళ్ల వంశం పిల్లలకు విజయవాడ నుంచి వారానికి రెండు గంటలు తెలుగు చెప్పాలి. వాళ్ల ఇంటి మాట క్రియోల్, బడిలో ఇంగ్లీషు, ఫ్రెంచి. పదాలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసిచ్చి ముందు మాట్లాడిద్దాం, లిపి ఆర్నెల్ల తర్వాత అంటాను. అభ్యంతరాలుంటే చెప్పండి.

అరండల్‌పేట:
గట్టి అభ్యంతరమే ఉందండీ. ఈ పద్ధతి అమెరికా పిల్లలకు కొంత నడుస్తుందేమో గాని ఫ్రెంచి చదివే పిల్లలకు నడవదు. ఫ్రెంచిలో సీ, హెచ్ కలిస్తే ‘ష’. క్రియోల్‌లో ఆ ‘ష’ కూడా ‘స’ అవుతుంది. అలా ‘చెట్టు’ కాస్తా ‘షెట్టు’, ‘సెట్టు’ అవుతుంది. జే అక్షరం చూస్తే దంత్య ‘జ’ (‘జడ’లో పలికేది) లాంటి ధ్వని వస్తుంది, ‘జీతం’ చెడుతుంది. ఇంతకన్నా పెద్ద చిక్కు, ‘మాట’కీ ‘మాత’కీ ఇంగ్లీషులో ఒకటే రాత. ‘కల’, ‘కళ’ కూడా అంతే. ఆర్నెల్లు అలా నానిన నాలుకను తర్వాత దిద్దడం చాలా కష్టం.

56 అక్షరాలూ వరసగా దిద్దించక్కర్లేదు. అ ఆ ఇ ఉ, మ న ర ల ప క ట త, ఈ పన్నెండూ తీసుకుని దీర్ఘం, గుడి, కొమ్ము కలపండి. మాట, పాట, ఆట, ఆకు, కాలు, పాలు, పులి, తల అన్నీ వచ్చేస్తాయి. ఎనిమిది క్లాసులు చాలు. ఒత్తులు ఆ తర్వాతే. ‘వ’ను మాత్రం ‘మ’ బాగా కుదిరాకే తేవాలి, లేకపోతే ‘వు’నీ ‘మ’నీ కలిపేస్తారు. ఛ, ఝ, ఙ, ఞ మొదటి ఏడాది ఊసెత్తొద్దు.

పటమట:
అక్కడి ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో తెలుగు ఐచ్ఛికంగా ఉంది. కొందరికి అక్షరాలు ముందే వచ్చి ఉంటాయి, వాళ్లను ఇంగ్లీషు రాతలోకి దించడం అన్యాయం. చేరేటప్పుడే బడిలో ఎక్కడిదాకా వచ్చారో అడగండి.

నా పట్టింపు మరొకటి. అక్కడ రామభజన ఉంది, సింహాద్రి అప్పన్న పూజ ఉంది, అమ్మోరు పండుగ ఉంది. నోటికొచ్చిన భజనలో రెండు చరణాలు పాడించి, ఆ మాటలే రాసి చూపించండి. ‘అమ్మోరు’ అన్న పిల్లను ‘అమ్మవారు’ అని దయచేసి దిద్దకండి. ఇన్ని తరాలు ఇంట్లో నిలిచిన మాట అది. కృష్ణా, గుంటూరు పలుకుబడే ప్రమాణం అనుకుంటే మనమే దాన్ని తుడిచేసినవాళ్లమవుతాం.

గవర్నర్‌పేట:
‘మాట, మాత’ దగ్గర ఒప్పుకుంటున్నాను. కానీ చెవి తయారవకుండా అక్షరం మొదలుపెడితే చదువుతారు గాని మాట్లాడరు. మొదటి పావుగంట ఏ రాతా లేకుండా వినడం, అనడం మాత్రమే పెడదాం. మన ఆరున్నరకి అక్కడ సాయంత్రం ఐదు, బడి నుంచి వచ్చేసి ఉంటారు. ఉగాది అక్కడ జాతీయ సెలవు, ఆ రోజు క్లాసు వద్దు.

అరండల్‌పేట:
పావుగంటకు సరేనండీ. అందరి మైకులూ ఒక్కసారి తెరిస్తే ట, త తేడా వినపడదు, ఒక్కొక్కరి చేతే అనిపించండి. చాట్‌లో ఇంగ్లీషు అక్షరాలు మాత్రం రానివ్వకండి. పదం కాగితం మీద చేత్తో రాస్తూ కెమెరాకు చూపిస్తే గీత ఎటు నుంచి ఎటు తిరుగుతుందో కూడా పిల్లలకు తెలుస్తుంది.