పసిబిడ్డ గదిలో చెమ్మ గోడ, పెయింట్ నిలవడం లేదు

మాది విజయవాడలో అపార్ట్‌మెంట్, రెండో అంతస్తు. పురిటికి పుట్టింటికి వెళ్లిన మా ఆవిడ మూడో నెలలో బిడ్డతో వస్తుంది. ఆలోగా చిన్న బెడ్‌రూమ్ సిద్ధం కావాలి. ఉయ్యాలకి కొక్కెం, దోమతెర, మందపాటి కర్టెన్లు అయ్యాయి. గోడ దగ్గరే ఆగిపోయాం.

బాత్‌రూమ్‌కి ఆనుకున్న గోడకి నేల నుంచి రెండడుగుల ఎత్తు వరకు పెయింట్ బుడగలు కట్టి, తెల్లగా ఉప్పులాంటి పొడి రాలుతోంది. ఎండాకాలంలోనూ ఇంతే, కాబట్టి వాన నీరు కాదనుకుంటున్నా. పాత పెయింటు గీకించి, బాగా ఆరనిచ్చి, డ్యాంప్‌ప్రూఫ్ ప్రైమర్, పుట్టీ, వాసన తక్కువుండే ఎమల్షన్ వేయించాం. నెల తిరక్కుండానే మళ్లీ పొంగింది. ప్లంబర్ నీళ్ల పైపులకి ప్రెషర్ టెస్ట్ చేస్తే మీటరు ముల్లు కదల్లేదు, అంటే వాటిలో లీకు లేనట్టే. బాత్‌రూమ్ టైల్స్ సందుల్లో ఎపాక్సీ కూడా నింపించాం, ఫలితం లేదు. డ్రైనేజీ పైపు మాత్రం ఎవరూ చూడలేదు.

వాల్‌పేపర్ అతికిస్తే కనపడదంటాడు పెయింటర్. వెనకాల బూజు పడితే పసిబిడ్డ పీల్చేది ఆ గాలే కదా, వద్దన్నాను.

ఇలాంటి గోడని బాగుచేయించుకున్నవాళ్లు చెప్పండి: బాత్‌రూమ్ నేల మొత్తం తవ్వకుండా ఈ చెమ్మ ఆగే మార్గం ఉందా?