లోడు ఎక్కించే సమయం డ్యూటీ కాదా? డెలివరీ డ్రైవర్ల పని గంటలపై చర్చ

గాజువాక చెల్లెలు:
మా అన్నయ్య విశాఖ ఆటోనగర్‌లో ఒక పార్సిల్ కాంట్రాక్టరు దగ్గర పికప్ వ్యాను నడుపుతాడు. ఉదయం ఆరింటికే గోడౌనులో ఉండాలి. పెట్టెలు లెక్క చూసుకుని, ఎక్కించుకుని బయలుదేరేసరికి తొమ్మిదవుతుంది. మధురవాడ, ఆనందపురం, భీమిలి తిరిగి, వెనక్కి వచ్చిన పార్సిళ్లు అప్పగించి, డబ్బు లెక్క చెప్పి ఇల్లు చేరేసరికి రాత్రి పది దాటుతుంది. అదనపు డబ్బు అడిగితే, "నువ్వు బండి నడిపింది ఏడు గంటలే కదా" అంటున్నారట. మిగతాదంతా పని కాదా? తెలిసినవారు చెప్పండి.

పాత యూనియన్ మనిషి:
ముమ్మాటికీ పనే అమ్మా. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం ఈ విషయం విడమరిచి చెప్పింది. బండి కదులుతున్న సమయమే కాదు, లోడు ఎక్కించడం, దించడం, లెక్కలు రాయడం, డబ్బు కట్టడం, రిజిస్టరులో సంతకం పెట్టడం, బండిని తీసుకోవడం, షెడ్డులో పెట్టడం, మరమ్మతు చూసుకోవడం అన్నీ పని గంటల్లోకే వస్తాయి. హద్దు రోజుకు 8 గంటలు, వారానికి 48. వరసగా 5 గంటలు చేశాక కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలి. ఒక డ్యూటీ ముగిశాక మరుసటి డ్యూటీకి మధ్య 9 గంటల విరామం ఉండాలి. హద్దు దాటిన పనికి రెట్టింపు వేతనం.

2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లలో ఒకటైన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ఆ చట్టాన్ని తనలో కలుపుకుంది. 8 గంటల హద్దు, రెట్టింపు వేతనం, పని గంటల లెక్క అందులోనూ ఉన్నాయి. కాబట్టి ఆ కాంట్రాక్టరు మాట పాత చట్టంలోనూ చెల్లదు, కొత్తదానిలోనూ చెల్లదు.

లారీ సూరీడు:
పోర్టు నుంచి రాయపూర్ వైపు ఏళ్ల తరబడి లోడు తోలినవాణ్ణి. నిద్ర ముంచుకొచ్చే ముందు ఆవలింతలు వస్తాయని అందరూ అనుకుంటారు. నాకు ఆవలింతలు ఆగిపోయేవి. సాలూరు దాటి ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే ఎదురు బండి లైట్లు కనబడేవి గానీ అవి ఎంత దూరంలో ఉన్నాయో అంచనా అందేది కాదు. కళ్లు తెరిచే ఉంటాయి, కాలు మాత్రం బ్రేకు మీదికి ఆలస్యంగా వెళ్తుంది. ఊళ్లో తిరిగే వ్యానుకు ఆ భయం లేదనుకోకండి. తెల్లవారుజామున లేచి పెట్టెలు మోసిన మనిషికి సాయంత్రం హనుమంతవాక రద్దీలో అదే జరుగుతుంది. మీ అన్నయ్య డబ్బు సంగతి తరవాత, ముందు అతని నిద్ర సంగతి చూడండమ్మా.

మద్దిలపాలెం రైడరు:
బైకు మీద యాప్ ఆర్డర్లు చేసే మాకు పని గంటల లెక్కే లేదు. మరో కొత్త కోడ్, సామాజిక భద్రత కోడ్, మమ్మల్ని గిగ్ కార్మికులుగా, అంటే మామూలు ఉద్యోగం కాకుండా ఏ పనికాపని చేసి సంపాదించేవారిగా గుర్తించింది, మంచిదే. కానీ రోజుకు ఇంతకు మించి తిరగకూడదన్న హద్దు అందులో లేదు. ఇన్సెంటివ్ అందాలంటే రాత్రి వరకు లాగిన్‌లో ఉండాల్సిందే. రెస్టారెంటు ముందు ఎండలో నిలబడిన సమయానికి పైసా రాదు. మా గురించి కూడా ఎవరైనా మాట్లాడాలి.

ఏడు బళ్ల యజమాని:
నేనూ చిన్న కాంట్రాక్టరునే. పార్సిలుకు ఇంత అని కంపెనీ రేటు కడుతుంది, ఆలస్యమైతే కోత పెడుతుంది. ఇద్దరు డ్రైవర్లను షిఫ్టులో పెడితే నాకేమీ మిగలదు. పైగా మీరు చెప్పిన పని పరిస్థితుల కోడ్ పదిమందికి తక్కువ ఉన్న సంస్థకు వర్తించదని మా ఆడిటరు చెప్పారు.

పాత యూనియన్ మనిషి:
మీ ఇబ్బంది నిజమే, కాదనను. కోడ్‌లో పదిమంది షరతూ ఉంది. పాత చట్టంలో అది ఐదుగురే, ఆ మార్పు వల్ల చిన్న బళ్ల డ్రైవర్లకు అన్యాయం జరిగిందనే నా అభిప్రాయం. కానీ 1988 మోటారు వాహనాల చట్టం 91వ సెక్షన్ కూడా ఒకసారి చదవండి. రవాణా వాహనం నడిపేవారి పని గంటలు 1961 చట్టంలో ఉన్నట్టే ఉండాలని అందులో ఉంది. ఇంతమంది ఉంటేనే అన్న షరతు ఆ సెక్షన్‌లో రాయలేదు. కంపెనీ రేటు చాలకపోతే కంపెనీతో తేల్చుకోవాలి గానీ డ్రైవరు నిద్రలోంచి కోసుకోకూడదు.

గాజువాక చెల్లెలు:
అన్నయ్య దగ్గర డ్రైవర్లు, హెల్పర్లు కలిపి పదిమందికి పైనే ఉన్నారు. రుజువుగా ఏమి చూపాలి? ఫిర్యాదు ఎవరి పేరున ఇవ్వాలి?

పాత యూనియన్ మనిషి:
గోడౌను గేటు రిజిస్టరులో లోపలికి వచ్చిన, బయటికి వెళ్లిన వేళలకు ఫోటో తీయించండి. ఆఖరి డెలివరీ ఎప్పుడు నమోదైందో ఫోనులో ఉంటుంది, చెరిపేయొద్దనండి. ఒక నోటుపుస్తకంలో ఏ రోజుకారోజు రాసుకోమనండి. తోటి డ్రైవర్లు కలిసి సంతకాలు పెడితే ఇంకా మేలు. కార్మిక శాఖకు ఇచ్చే ఫిర్యాదులో కాంట్రాక్టరు పేరు, పార్సిల్ కంపెనీ పేరు రెండూ రాయండి. కాంట్రాక్టరు వేతనం ఎగ్గొడితే ఆ పని ఎవరి సంస్థలో జరిగిందో వారే చెల్లించాలని 2019 వేతనాల కోడ్ చెబుతోంది.