అప్‌డేట్: మా కుక్క మోకాలికి ఆపరేషన్ అవసరమా?

పర్లాకిమిడిలో మా 6 ఏళ్ల స్పిట్జ్ కుక్క వెనక కాలు ఎత్తి నడుస్తోందనీ, లిగమెంట్ (మోకాలి ఎముకలను కలిపి పట్టి ఉంచే పట్టీ) తెగింది కనుక ఆపరేషన్ తప్పదని ఒక వైద్యులు చెప్పారనీ ఇంతకుముందు రాశాను. సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

ఎక్స్‌రేలో లిగమెంట్ నేరుగా కనబడదు కాబట్టి, మత్తు ఇచ్చి మోకాలిని చేతితో కదిలించే పరీక్ష చేయించమన్న సలహాయే మాకు దారి చూపింది. గరివిడి పశువైద్య కళాశాలలో ఆ పరీక్ష చేసినప్పుడు కింది ఎముక ముందుకు జారలేదు, అంటే లిగమెంట్ గట్టిగానే ఉంది. జారుతున్నది మోకాలి చిప్ప. అది లోపలి వైపుకు తప్పి, కాలు చాచగానే తిరిగి గాడిలో కూర్చుంటోందనీ, నాలుగు దశల్లో ఇది రెండోదనీ, చిన్న జాతి కుక్కల్లో తరచుగా కనిపిస్తుందనీ వివరించారు. కొన్ని అడుగులు కాలెత్తి, వెంటనే మామూలుగా పరుగెత్తడానికి కారణం ఇదే.

కుంటడం అరుదుగా ఉన్నంతవరకు ఆపరేషన్ వద్దన్నారు. బరువు తగ్గించాం, నున్నటి టైల్స్ మీద రబ్బరు చాపలు పరిచాం, మంచం మీది నుంచి దూకనివ్వకుండా తాడుతో నెమ్మదిగా నడిపిస్తున్నాం. ముఖ్యంగా బరువు తగ్గాక కుంటు చాలావరకు పోయింది.

సమాధానాల్లో కొందరు చెప్పిన కాల్షియం సిరప్, పిడుదు జ్వరం (పిడుదులు కుట్టడం వల్ల వచ్చేది) అనుమానం రెండూ ఈ సమస్యకు సంబంధం లేనివే. మనుషుల ఐబుప్రోఫెన్ మాత్ర మాత్రం దయచేసి ఎవరూ వేయకండి, అది కుక్కల కడుపునూ మూత్రపిండాలనూ దెబ్బతీస్తుంది.

ఇకముందు చిప్ప గాడిలోకి తిరిగి రాకపోతే, లేదా రోజూ కుంటితే, అప్పుడు ఆపరేషన్ చేయిస్తాం.