"బాగుండా" అనే మాటను నమ్మాలా, కొలతను నమ్మాలా? వృద్ధుల ఆరోగ్య పరిశోధనపై చర్చ

కళ్యాణదుర్గం టీచరమ్మ (చర్చ ప్రారంభం):

పోయిన నెలలో మా ఊరికి అరవై ఏళ్లు దాటినవారి ఆరోగ్య వివరాలు రాసుకునేవారు వచ్చారు. మా అమ్మకు 78 ఏళ్లు. ఒంట్లో ఎలా ఉందని అడిగితే "బాగనే ఉండా నాయనా, తిని కూసునేదానికి ఏం రోగం" అని చెప్పింది. తర్వాత స్నానం, బట్టలు కట్టుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లడం, మంచం దిగడం, మలమూత్రాల అదుపు, అన్నం తినడం అనే ఆరు పనుల గురించి ఒక్కొక్కటిగా అడిగారు. ఇది 1963లో అమెరికా వైద్యుడు సిడ్నీ కాట్జ్ బృందం ప్రచురించిన కొలబద్ద; వృద్ధులు సొంతంగా ఏ మేరకు పనులు చేసుకోగలరో చూడడానికి నేటికీ దానినే ఎక్కువగా వాడుతున్నారు. ఆరింటికీ మా అమ్మ "నేనే చేసుకుంటా" అనే చెప్పింది. అందులో ఒక్కటీ అబద్ధం కాదు.

కానీ రెండేళ్లుగా ఆమె నేల మీద కూర్చుని తినడం లేదు. బొటనవేలి కీలు నొప్పి వల్ల చెనిక్కాయలు ఒలవడం మానేసింది. పక్కవీధిలోనే ఉన్న చెల్లెలి ఇంటికి పోవాలంటే రెండు మెట్లు దిగాలి, అందుకని చెల్లెలే వచ్చిపోవాలని చెబుతోంది. ఆ కాగితంలో వీటికి చోటు లేదు. అందుకే అడుగుతున్నాను: వృద్ధుల ఆరోగ్యాన్ని పరిశోధించేవారు వారు చెప్పిన మాటను నమ్మాలా, లేక పరికరంతో కొలిచిన అంకెను నమ్మాలా?

తుంగభద్ర తీరం (కర్నూలు, గణాంకశాస్త్ర పరిశోధకుడు):

టీచరమ్మ గారూ, మీ అనుభవం నా వాదనకే బలమిస్తుంది. మాట మీద ఆధారపడితే పేదవాళ్లే ఎక్కువ నష్టపోతారు. 2002లో అమర్త్య సేన్ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాసిన వ్యాసంలో దీన్ని రెండు రాష్ట్రాలను పక్కపక్కన పెట్టి చూపారు. ఆయుర్దాయం ఎక్కువగా ఉన్న కేరళలో జబ్బు ఉందని చెప్పుకునేవారు ఎక్కువగా, ఆయుర్దాయం తక్కువగా ఉన్న బీహారులో చాలా తక్కువగా కనిపించారు. మాటనే ప్రమాణంగా తీసుకుంటే బీహారు ప్రజలే ఆరోగ్యవంతులని తేల్చవలసి వస్తుంది. చదువూ ఆసుపత్రీ అందినచోట మనిషి తన ఒంట్లోని లోపాన్ని గుర్తుపడతాడు. అవి అందనిచోట మోకాళ్ల నొప్పినీ, చూపు మందగించడాన్నీ వయసు ఖాతాలో వేసి ఊరుకుంటాడు.

2017-18లో ముంబయిలోని అంతర్జాతీయ జనాభా అధ్యయన సంస్థ చేపట్టిన లాసి అనే దేశవ్యాప్త వృద్ధాప్య సర్వే 45 ఏళ్లు దాటినవారినీ వారి జీవిత భాగస్వాములనూ కలిపి 72,000 మందికి పైగా ప్రజలను కలిసింది. వారిలో 31,000 మందికి పైగా అరవై దాటినవారు. వృద్ధుల్లో 75 శాతం మందికి ఏదో ఒక దీర్ఘకాలిక వ్యాధి, 40 శాతం మందికి ఏదో ఒక వైకల్యం ఉన్నట్టు 2021 జనవరిలో విడుదలైన నివేదిక చెప్పింది. ఆ సర్వేవారు ప్రశ్నలతో ఆగకుండా రక్తపోటు చూశారు, పిడికిలి పట్టును, నడక వేగాన్ని కొలిచారు. "మీకు బీపీ ఉందని డాక్టరు చెప్పారా" అని మాత్రమే అడిగితే, లెక్కలోకి వచ్చేది డాక్టరు దగ్గరకు వెళ్లగలిగినవారే.

పిడికిలి పట్టు చిన్న విషయమని ఎవరూ అనుకోవద్దు. భారతదేశంతో కలిపి 17 దేశాల్లో దాదాపు 1,40,000 మందిపై జరిగిన ప్యూర్ అధ్యయనం 2015లో వెలువడింది. పట్టు 5 కిలోలు తగ్గిన ప్రతిసారీ మరణించే అవకాశం 16 శాతం ఎక్కువగా ఉన్నట్టు అందులో తేలింది. పట్టు తగ్గడమే మరణానికి కారణమని దీని అర్థం కాదు. ఒళ్లంతా కృశించిపోతున్న సంగతిని చెయ్యి ముందే చెబుతోందని అర్థం. మీ అమ్మగారి చేతిలో ఆ పరికరం పెట్టి ఉంటే, "బాగుండా" అన్న మాట వెనుక దాగినది బయటపడేది.

కడప సిస్టరు:

నేను కడప జిల్లాలో ఇరవై ఏళ్లుగా ఏఎన్ఎంగా పనిచేస్తున్నాను. తుంగభద్ర తీరం గారు కొలతను నమ్ముతున్నారు, నేనూ నమ్ముతాను. జబ్బేమీ లేదన్నవారికి పట్టీ కట్టి చూస్తే బీపీ ఎంతో ఎక్కువగా ఉండడం నాకు వారం వారం ఎదురయ్యేదే. కానీ ఆ అంకె ఎలా పుడుతుందో కూడా చూడాలి. బీపీ చూసే ముందు అయిదు నిమిషాలు కూర్చోబెట్టాలని మాకు నేర్పుతారు. ఎండలో నడిచి శిబిరానికి వచ్చిన అవ్వను వరుసలో నిలబెట్టి, రవిక చేతి మీదనే పట్టీ కట్టి చూస్తే వచ్చే అంకె ఎవరి ఆరోగ్యాన్ని చెబుతుంది? పట్టు కొలిచే పరికరాన్ని చేతికిస్తే, విరిగిపోతుందేమోనన్న భయంతో మెల్లగా నొక్కినవారిని నేను కళ్లారా చూశాను.

అన్నిటికంటే నాకు బాధ కలిగించేది మతిమరపు పరీక్ష. 1975 నాటి ఎంఎంఎస్ఈ అనే ప్రశ్నావళిలో చదివి కళ్లు మూసుకోమంటారు, ఒక వాక్యం రాయమంటారు. బడి ముఖం చూడని మనిషికి అక్కడే మార్కులు పోతాయి. హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో పనిచేసిన బృందం 1990లలో దీన్ని చదువురానివారికి తగినట్టుగా హిందీలో మార్చింది. చదవమనే బదులు నేను చేసినట్టు చేయమంటారు, రాయమనే బదులు ఇంటి గురించి ఏదైనా చెప్పమంటారు. అటువంటి మార్పు లేకుండా అంకెలు వేస్తే మనం కొలిచేది మతిమరపును కాదు, బడికి పోలేని బాల్యాన్ని. 2023లో వచ్చిన లాసి అనుబంధ అధ్యయనం మన దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం మందికి డిమెన్షియా (మతిమరపు జబ్బు) ఉందని, స్త్రీలలోనూ పల్లెల్లోనూ చదువు తక్కువగా ఉన్నవారిలోనూ అది ఎక్కువని చెప్పింది. ఆ తేడాలో నిజమెంత, పరీక్ష పుట్టించినదెంత అని నాకు సందేహం.

ఆదోని తాతయ్య:

మీరు ముగ్గురూ మాట్లాడుతున్నది నా వంటివారి గురించే కనుక ఒక మాట చెబుతాను. నాకు 73 ఏళ్లు. షుగరుకు మాత్రలు వేసుకుంటూ పద్దెనిమిదేళ్లయింది, రెండు కళ్లకూ శుక్లాలు తీయించుకున్నాను. ఎవరైనా అడిగితే బాగున్నాననే అంటాను, మనస్ఫూర్తిగానే అంటాను. తెల్లవారి లేచి నడుస్తాను, మనవడికి లెక్కలు చెబుతాను, నాలుగిళ్లకు పోయి కన్నడంలోనూ ఉర్దూలోనూ పలకరించి వస్తాను. మీ పరికరం నన్ను బలహీనుడంటే ఆ కాగితం నా కొడుకు చేతికి పోతుంది, మరునాటి నుంచి బజారుకు ఒంటరిగా పోనివ్వరు. నేను బాగున్నానని చెప్పినప్పుడు నా జబ్బులను మరిచిపోయి చెప్పడం లేదు, వాటిని లెక్కలో వేసుకునే చెబుతున్నాను.

కళ్యాణదుర్గం టీచరమ్మ:

తాతయ్య గారికి నమస్కారం. మీ మాట చదివాక నా ప్రశ్ననే కొంత మార్చుకోవలసి వచ్చింది. మీరు కన్నడం, ఉర్దూ అన్నారు కనుక చిన్న ముచ్చట: హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలను పరిశీలించి 2013లో ప్రచురించింది. రెండు భాషలు మాట్లాడేవారిలో ఆ లక్షణాలు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయని, చదువురానివారిలోనూ ఆ తేడా ఉందని అది చెప్పింది. మన సరిహద్దు తాలూకాల పెద్దవాళ్లకు ఇది తెలియాలని నా కోరిక.

ఇక అసలు విషయం. మాటా కొలతా రెండూ తప్పిపోయేది ఒకేచోటనని నాకు అనిపిస్తోంది: ఏ పనిని అడుగుతున్నాం అనే దగ్గర. కాట్జ్ తర్వాత 1969లో లాటన్, బ్రోడీ అనే ఇద్దరు ఫోను, కొనుగోళ్లు, వంట, ఇల్లు సర్దడం, బట్టలుతకడం, ప్రయాణం, మందులు, డబ్బు లెక్క అనే ఎనిమిది పనులతో మరో పట్టిక చేశారు. అందులో మగవారికి వంట, ఇంటిపని, బట్టలుతకడం లెక్కలోకి తీసుకోలేదు, ఎందుకంటే చేతకాకపోవడానికీ ఎన్నడూ చేయకపోవడానికీ తేడా తెలియదు. మన దగ్గర అదే చిక్కు డబ్బు విషయంలో ఆడవారికి ఉంది. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి సంత డబ్బు నాన్న చేతిలో ఉండేది, ఇప్పుడు ప్రతినెలా ఇంటికి వచ్చే 4,000 రూపాయల పింఛను అన్న చేతికి పోతుంది. "లెక్క చూసుకోగలరా" అంటే ఆమె లేదంటుంది. అది ముసలితనం వల్ల వచ్చిన లోపం కాదు.

మరోవైపు మన జీవితానికి ప్రాణమైన పనులు ఆ పట్టికల్లో లేవు. కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలరో చూస్తారు, మనం నేల మీద నుంచి లేస్తాం. గొంతుక్కూర్చుంటేనే సాగే మరుగుదొడ్లు మనవి. బ్రెజిల్‌లో 51 నుంచి 80 ఏళ్ల వయసున్న 2,002 మందిని నేల మీద కూర్చుని లేవమని, ఆనిక తీసుకున్నప్పుడల్లా మార్కు తగ్గించి, 2012లో ఫలితాలు ప్రకటించారు. తక్కువ మార్కులు వచ్చినవారిలో మరణాలు ఎక్కువగా కనిపించాయి. గోడ పట్టుకుని లేచే మా అమ్మకు కుర్చీ పరీక్షకంటే ఇదే తగినది.

ఇంకొకటి, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. వైకల్యం రాకముందే మనిషి పని చేసే తీరును మార్చుకుంటాడని, లేదా తక్కువసార్లు చేస్తాడని అమెరికా వైద్యురాలు లిండా ఫ్రైడ్ గమనించారు. కష్టం లేదని చెబుతూనే అలా మార్చుకున్న వృద్ధ స్త్రీలకు తర్వాతి కాలంలో నడకలో ఇబ్బంది వచ్చే అవకాశం ఎక్కువని ఆమె బృందం 2000లో చూపింది. అంటే "చేసుకుంటారా" అనే ప్రశ్నకు నిజమైన జవాబు కూడా మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. "ఏం మానేశారు, ఏం వేరుగా చేస్తున్నారు" అని అడగాలి. తాతయ్య గారు బజారు మానలేదు కనుక ఆయన "బాగున్నాను" బరువైన మాట. మా అమ్మ చెల్లెలి ఇంటిని మానేసింది కనుక ఆమె "బాగుండా" వేరే మాట. ఆ తేడాను ఏ పరికరమూ చూపదు, అడగాలి.

తుంగభద్ర తీరం:

తాతయ్య గారూ, మీకు నేను బాకీ ఉన్నాను. ఇద్లర్, బెన్యామిని అనే పరిశోధకులు 1997లో 27 అధ్యయనాలను కలిపి చదివారు. వాటిలో దాదాపు అన్నిటిలోనూ, ఆరోగ్యానికి సంబంధించిన ఇతర సూచికలను లెక్కలోకి తీసుకున్న తర్వాత కూడా, "నా ఆరోగ్యం ఎలా ఉంది" అని మనిషి స్వయంగా చెప్పిన జవాబు అతని ఆయుష్షును సూచించింది. నా మొదటి వాదనలో దీన్ని దాటవేయకుండా ఉండవలసింది.

సిస్టరు గారి సందేహానికి జవాబు: ఆ డిమెన్షియా అధ్యయనంలో ప్రశ్నావళి అంకెతోనే నిర్ధారించలేదు. పరీక్ష ఫలితాలతో పాటు ఇంట్లో దగ్గరివారు చెప్పిన సంగతులను కూడా వైద్యులు పరిశీలించారు. మీ సందేహం అక్కడితో పూర్తిగా తీరదు, ఒప్పుకుంటాను.

కానీ ఒక విషయంలో నేను వెనక్కి తగ్గను. ప్రతి జిల్లాకు సొంత ప్రశ్నలు పెట్టుకుంటే అనంతపురాన్ని కర్నూలుతో పోల్చలేం, ఈ ఏటిని పదేళ్ల తర్వాతి ఏటితో పోల్చలేం. పోల్చలేని లెక్కతో ఒక్క అదనపు వైద్యుడిని కూడా అడగలేం. దీనికి అమెరికా పరిశోధకుడు గ్యారీ కింగ్ బృందం 2004లో ఒక మార్గం సూచించింది. "ఒకావిడ పావు మైలు నడిచేసరికి ఆయాసపడి కూర్చుంటుంది, ఆమెకు ఇబ్బంది ఎంత" అని చిన్న కథ చెప్పి దానికి అంచనా వేయమంటారు, తమకు తాము కూడా వేసుకోమంటారు. ఆవిడకు ఇబ్బందేమీ లేదనే మనిషి తనకూ ఏమీ లేదన్నప్పుడు ఆ మాటను ఎక్కడ నిలపాలో తెలుస్తుంది. టీచరమ్మ గారి "మానేసిన పని" ప్రశ్నను కూడా అందరికీ ఒకే రూపంలో, ఒకే వరుసలో అడిగితే నాకు అభ్యంతరం లేదు.

కడప సిస్టరు:

ఎవరి ముందు అడుగుతామన్నది కూడా రాసుకోండి. కోడలు గుమ్మంలో నిలబడి ఉండగా "కష్టంగా ఉంది" అనే అత్తను నేను చాలా తక్కువగా చూశాను. కొందరి తరఫున కొడుకే జవాబు చెబుతాడు. ఆ కాగితం మీద జవాబు ఎవరిదో రాసే గడి తప్పక ఉండాలి.

కళ్యాణదుర్గం టీచరమ్మ:

నిన్న రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక అమ్మను అడిగాను, మునుపు చేసి ఇప్పుడు మానేసినవి ఏవని. మొదట ఏమీ లేవంది. కాసేపటికి నేల, చెల్లెలి ఇల్లు, చెనిక్కాయలు అని నాకు తెలిసినవే చెప్పింది. ఆ తర్వాత, పొద్దు గూకినాక నీళ్లు తాగడం మానేశానంది. రాత్రిపూట పెరట్లోని మరుగుదొడ్డికి పోవాలంటే చీకట్లో మూడు మెట్లు దిగాలి, పడతానని భయం, నిన్ను లేపడం ఎందుకని అంది. మరుగుదొడ్డికి తానే పోతానని ఆ సర్వేవారికి చెప్పింది ఈ అమ్మే. సిస్టరు గారూ, సాయంత్రం నీళ్లు మానేసినవారు మీ ఊళ్లలో కనిపించారా, కనిపిస్తే మీరు వారిని ఏ మాటలతో అడిగారో రాయండి.