విండోస్‌లో లినక్స్: ఫైళ్లు చదవడానికే అరగంట పడుతోంది

అమలాపురం_చెరువు: విండోస్ 11, 8 జీబీ ర్యామ్. మా రొయ్యల చెరువుల ఉప్పదనం, ఆక్సిజన్ కొలతలు ఏళ్ల తరబడివి చిన్నచిన్న ఫైళ్లుగా డెస్క్‌టాప్‌లో ఉన్నాయి. లెక్క కట్టే ప్రోగ్రాము లినక్స్‌ది, అందుకని డబ్ల్యూఎస్‌ఎల్‌లో (విండోస్ లోపలే లినక్స్ నడిపే సదుపాయం) ఉబుంటు అనే లినక్స్ పెట్టాను. ఫైళ్లు చదవడానికే అరగంట. బ్రౌజర్ తెరిస్తే కంప్యూటర్ బిగుసుకుపోతోంది. ప్రింటర్ కూడా కనబడటం లేదు.

భీమవరం_కోడర్: తప్పు లినక్స్‌ది కాదండీ. డబ్ల్యూఎస్‌ఎల్ 2 అంటే వర్చువల్ మెషీన్‌లో, అంటే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో కట్టిన ఇంకో కంప్యూటర్‌లో, నడిచే అసలు లినక్స్ కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ). అక్కడి నుంచి సీ డ్రైవులోని ఒక్కో ఫైలుకూ రేవు దాటి వెళ్లి రావాలి. అన్నీ ఉబుంటు హోమ్ ఫోల్డర్‌లోకి మార్చండి.

పాలకొల్లు_పాతకాలం: 2016లో మొదటి డబ్ల్యూఎస్‌ఎల్ వచ్చినప్పటి నుంచి వాడుతున్నాను. దానిలో కెర్నలే లేదు, లినక్స్ అడిగినదాన్ని విండోస్ భాషలోకి మార్చి పని జరిపించేది. సీ డ్రైవు ఫైళ్లకు ఇప్పటికీ వెర్షన్ 2 కన్నా అదే ఎక్కువ వేగం. వెర్షన్ 1కి మారు బాబూ.

భీమవరం_కోడర్: దానిలో డాకర్ (ప్రోగ్రాములను విడివిడి డబ్బాల్లో పెట్టి నడిపేది) నడవదు. పాతదాన్ని ఎందుకు అంటగడతారు?

పాలకొల్లు_పాతకాలం: అబ్బాయి డాకర్ అడిగాడా? ప్రశ్న చదివి మాట్లాడండి.

భీమవరం_కోడర్: చదివాను. రేపు అవసరం పడితే మళ్లీ మొదటికి రావాలి. నేను రోజూ ఇదే పని చేస్తాను.

రాజోలు_రేవు: రెండూ వద్దు, లినక్స్ వేరుగా వేసుకోండి. కాకపోతే డిస్కు విడగొట్టే ముందు అన్నీ పెన్‌డ్రైవులోకి తీయండి. నిరుడు వానల్లో సరిగ్గా ఆ సమయంలో కరెంటు పోయింది. మా చెల్లి బీటెక్ ప్రాజెక్టు మొత్తం పోయింది. తను రెండు రోజులు అన్నం తినలేదు.

నరసాపురం_లేసు: నా సీ డ్రైవు నిండిపోయింది. ఉబుంటులో పాత లేసు డిజైన్లు 30 జీబీ తీసేసినా ఖాళీ పెరగలేదు. ఎవరైనా చెప్పండి.

పాలకొల్లు_పాతకాలం: ఉబుంటు ఫైళ్లు ఉండే వర్చువల్ డిస్కు పెరుగుతుందే గానీ దానంతట అది తగ్గదమ్మా. డబ్ల్యూఎస్‌ఎల్ పూర్తిగా ఆపి, విండోస్‌లోని డిస్క్‌పార్ట్ అనే ప్రోగ్రాముతో కుదించాలి. ముందు బ్యాకప్ తీసుకోండి.

అమలాపురం_చెరువు: హోమ్‌లోకి మార్చాను. అరగంట పని రెండు నిమిషాల్లో అయింది! భీమవరం అన్నా, చాలా థాంక్స్. బ్రౌజర్ మాత్రం ఇంకా నిలిచిపోతోంది.

భీమవరం_కోడర్: మామూలుగా సగం ర్యామ్ వరకు డబ్ల్యూఎస్‌ఎల్ 2 వాడేసుకుంటుంది తమ్ముడూ. డాట్ డబ్ల్యూఎస్‌ఎల్‌కాన్ఫిగ్ అనే సెట్టింగుల ఫైల్లో మెమరీ 3 జీబీ అని రాసి, డబ్ల్యూఎస్‌ఎల్ ఆపి మళ్లీ తెరువు. ఈ పని వెర్షన్ 2లోనే కుదురుతుంది, పాతకాలం గారు గమనించాలి.

పాలకొల్లు_పాతకాలం: వెర్షన్ 1కి ఆ అవసరమే రాదు.