జగ్గన్నతోటలో పర్మనెంటు గ్యాలరీ కట్టాలా, వద్దా?

కౌశిక గట్టు
మా ఊరి వాట్సాప్ గ్రూపులో వారం రోజులుగా ఇదే రగడ. అక్కడ ఎవరి మాటా ఎవరూ వినడం లేదు. ఇక్కడైనా కుదురుగా మాట్లాడుకుందామని పెడుతున్నాను.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. కోనసీమలో అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటలో ఏటా కనుమ నాడు ప్రభల తీర్థం. చుట్టుపక్కల 11 ఊళ్ళ శివాలయాల నుంచి దేవుళ్ళు ప్రభల మీద, అంటే వెదురుతో ఎత్తుగా కట్టి భుజాల మీద మోసుకొచ్చే వాటి మీద, వచ్చి ఒక్కచోట కలుస్తారు. ఏకాదశ రుద్రులంటాం. అక్కడ గుడి లేదు, గోపురం లేదు, ఉన్నదల్లా కొబ్బరితోట. వ్యాఘ్రేశ్వరం ప్రభ తోటలోకి రాగానే, పెద్దాయన వచ్చాడని మిగతా ప్రభలన్నిటినీ ఒక్కసారి పైకి లేపుతారు. 2023 రిపబ్లిక్ డే పరేడ్‌లో మన రాష్ట్ర శకటం మీద చూపించింది ఈ తీర్థాన్నే. అప్పటినుంచి కార్లు బాగా ఎక్కువయ్యాయి, నా కళ్ళతో చూస్తున్నదే.

ఈమధ్య ఒక సమావేశంలో ఒక పెద్దమనిషి లేచి, తోటలో సిమెంటు గ్యాలరీ, చుట్టూ రోడ్డు, పక్కన పార్కింగు, బయటివాళ్ళకి టికెట్టు పెడితే ఊరు బాగుపడుతుందన్నారు. చప్పట్లు కూడా పడ్డాయి. నేను వద్దంటున్నాను. తీర్థం ఏడాదికి ఒక్కరోజు. మిగతా 364 రోజులూ ఆ సిమెంటు మెట్ల మీద ఎవరు కూర్చుంటారు, సాయంత్రానికి సీసాలు పట్టుకొచ్చేవాళ్ళు తప్ప? పైగా కొబ్బరి వేరు లోతుకు పోదు, చెట్టు చుట్టూ పైపైనే పాకుతుంది. దాని నెత్తిన స్లాబు వేస్తే కొన్నాళ్ళకి తోట పోయి గ్యాలరీ మిగులుతుంది. మీరేమంటారు?

భాగ్యనగరం బస్సు
అమలాపురం దగ్గర పుట్టి హైదరాబాద్‌లో బతుకుతున్నవాణ్ణి. తిట్టేముందు పూర్తిగా చదవండి.

పోయిన కనుమకి మా అమ్మని తీసుకొచ్చాను. ఆవిడకి డెబ్బై దాటాయి, మోకాళ్ళ నొప్పులు. కూర్చోడానికి ఒక బల్ల లేదు. జీళ్ళ కొట్టు ఆయన జాలిపడి ఖాళీ డబ్బా బోర్లించి ఇచ్చాడు. తీరా ప్రభ వచ్చేసరికి ముందున్నవాళ్ళంతా ఫోన్లు ఎత్తేశారు. ఆవిడకి కనిపించింది ఫోన్లే. దేవుణ్ణి ఇంటికెళ్ళాక నా వీడియోలో చూసి దణ్ణం పెట్టుకుంది.

కేరళని తలపించే కోనసీమ అని మనకి మనమే రాసుకుంటాం. కేరళవాళ్ళు పడవ మీద రాత్రి పడుకోబెట్టి డబ్బులు సంపాదిస్తుంటే, మనం దిండి హౌస్‌బోటు దగ్గరే ఆగిపోయాం. కుర్రాళ్ళు గల్ఫ్ ఫ్లైట్ ఎక్కుతున్నారు. ఏది కడదామన్నా వద్దనేవాళ్ళే. వద్దనడం సులువండీ, ఊళ్ళో నాలుగు డబ్బులు పుట్టే దారి చూపించడమే కష్టం.

కౌలు చేను
గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు చేలకి అడ్డంపడి వస్తాయి. ఆ దారిలో నేను ఎకరంన్నర కౌలుకి చేస్తున్నాను. కనుమ నాటికి దాళ్వా (రెండో పంట వరి) ఊడ్పులు అయిపోయి పచ్చగా తిరుగుతూ ఉంటుంది చేను. ప్రభ తొక్కిన చేను బాగా పండుతుందని మా తాతలనాటి నమ్మకం. నాకూ ఉంది. తొక్కిన మేర మర్నాడు నేనూ మా ఆవిడా వంగి మళ్ళీ నారు గుచ్చుకుంటాం. ఒక పూట పని, దానికి ఎవర్నీ ఏమీ అడగలేదు.

ఇప్పుడు ప్రభకి ముందు వీడియో తీసేవాళ్ళు, పక్కన సెల్ఫీలవాళ్ళు, వెనక బండ్లు. ప్రభ తొక్కితే పుణ్యం. బుల్లెట్ బండి తొక్కితే ఏమంటారో మీరే చెప్పండి.

ఇంకోటి. మా పక్క చేను ఆసామి పార్కింగుకి ఇస్తానని ఒప్పుకుని, కనుమ వెళ్ళేదాకా ఊడ్పు ఆపమన్నాడు తన కౌలుదారుణ్ణి. బండికింత అని ఆసామికి వచ్చింది. ఊడ్పు వెనకబడింది. దాళ్వా వెనకబడితే ఏమవుతుందో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. చివరి తడుల నాటికి కాలువలో నీళ్ళు ఆపేస్తారు. అతను ఇంజను పెట్టి మురుగు కాలువలోంచి తోడుకున్నాడు. ఆ డీజిలు ఖర్చు ఏ టూరిజం లెక్కలో రాస్తారు?

భాగ్యనగరం బస్సు
ఈ సంగతి నాకు నిజంగా తెలియదు. కానీ దీనికి పరిష్కారం పార్కింగుకి సరైన స్థలం చూడటమే కదా, అసలు జనాన్నే రావద్దనడం కాదు కదా?

రాతి మీద రాత
శాసనాల పిచ్చి ఉన్నవాణ్ణి, కాస్త పక్కదారి పడతాను, ఓర్చుకోండి.

ద్రాక్షారామం చూడండి. చాళుక్య భీముడి కాలం నాటిదంటాం. గోడల మీదా స్తంభాల మీదా వందల శాసనాలు. అఖండ దీపానికి ఫలానావాడు ఇన్ని గొర్రెలు ఇచ్చాడని రాళ్ళ మీద చెక్కి ఉంటుంది. గొర్రెల పాలతో నెయ్యి, నెయ్యితో దీపం. అంటే వెయ్యేళ్ళ క్రితమే గుడి ఖర్చు ఎవరు మోస్తారో లెక్క తేల్చి, నలుగురికీ కనపడేలా రాసిపెట్టారు. కౌలు చేను గారి డీజిలు ప్రశ్న చదవగానే నాకు అదే గుర్తొచ్చింది.

ఆ గుడికి చట్టం ఉంది. కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడం కాబట్టి, 2010 సవరణ ప్రకారం చుట్టూ 100 మీటర్ల లోపు కొత్తగా ఏమీ కట్టకూడదు, ఆ పైన ఇంకో 200 మీటర్లు అనుమతితోనే కట్టాలి. ఇల్లు బాగుచేసుకోవాలన్నా పర్మిషనేనా అని చుట్టూ ఉన్నవాళ్ళు విసుక్కుంటారు. వాళ్ళ బాధా నిజమే. జగ్గన్నతోటలో ఆ బాధ లేదు, ఎందుకంటే అక్కడ కాపాడటానికి రాయే లేదు. మన చట్టానికి రాయి కనిపిస్తుంది, నడక కనిపించదు.

అలాగని బోర్డు పెడితే చాలదు. మామిడికుదురు దగ్గర ఆదుర్రు బౌద్ధ స్తూపానికి బోర్డు ఉంది, కంచె ఉంది. నేను వెళ్ళిన రెండుసార్లూ మనుషులే లేరు.

ఇక అంతర్వేది. 2020 సెప్టెంబరులో రథం షెడ్డులోనే కాలిపోయింది. అందరం ఏడ్చాం. 2021 ఫిబ్రవరి కల్యాణానికి కొత్త రథం నడిచింది. చెయ్యగల చేతులు ఉన్నాయి కాబట్టి నడిచింది. ప్రభ కూడా అంతే, ఏటా కొత్తగా కట్టేదే. వెదురు ఎంత వంచాలో, తాడు ఎక్కడ బిగించాలో తెలిసినవాళ్ళు ఇంకా ఎంతమంది ఉన్నారు మీ 11 ఊళ్ళలో? గ్యాలరీకి పెట్టే డబ్బులో కొంత వాళ్ళ దగ్గర కుర్రాళ్ళు పని నేర్చుకోడానికి పెట్టమని ఒక్కరూ అనలేదు ఆ సమావేశంలో?

డబ్లిన్ నుంచి
వెనిస్‌లో 2024లో, రద్దీ రోజుల్లో పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాళ్ళ దగ్గర 5 యూరోలు తీసుకోవడం మొదలుపెట్టారు. మనం టికెట్టు పెడితే తప్పేంటి?

కౌశిక గట్టు
మా మేనత్త పలివెల నుంచి వస్తుంది. ఆవిడ లోపలి మనిషా, బయటి మనిషా? కౌంటర్లో కూర్చున్న కుర్రాడు తేలుస్తాడా? ఆవిణ్ణి టికెట్టు అడిగితే వాడికి ఆ సంక్రాంతి మిగలదు.

భుజం కాయ
ఆయ్, మోసేవాళ్ళలో ఒకణ్ణి. పద్దెనిమిదో ఏట మొదలుపెట్టాను.

మా ప్రభ ఎగువ కౌశిక కాలువ దాటాలి. చూసేవాళ్ళకి అదొక వీడియో. మాకు ఎలా ఉంటుందో చెబుతాను. గట్టు దిగేటప్పుడు ముందువాడి భుజం కిందికి పోతుంది, బరువంతా వాడి మీదికి వస్తుంది. వెనకవాళ్ళం మోకాళ్ళు వంచి సమం చెయ్యాలి. కాలికింద బురద జారుడు. నీళ్ళలో దిగాక కింద ఏముందో కనపడదు, పక్కవాడి మోచెయ్యి తగులుతుంటే వాడు ఉన్నాడని ధైర్యం. పైన ప్రభ ఊగుతుంది, నాలుగు వైపులా తాళ్ళు పట్టినవాళ్ళు లాగి నిలబెడతారు. ఎవరికీ ఎవరి మాటా వినపడదు. 'శరభ శరభ' అన్న కేకలోనే అడుగు పడుతుంది. ఆ కేక భక్తే, మాకు లెక్క కూడా. దాన్ని బట్టే ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు ఆగాలో తెలుస్తుంది.

ఒక ఏడు సరిగ్గా కాలువ మధ్యలో ఉండగా నెత్తిమీద డ్రోను. ఆ రొదకి కేక కలవలేదు. ఒక తాడు కుర్రాడు పైకి చూశాడు, ఒక్క క్షణమే. ప్రభ పక్కకి వాలింది. నా కుడిభుజం పట్టేసింది, ఇరవై రోజులు చెయ్యి లేవలేదు. పడలేదు కాబట్టి ఎవరికీ తెలియదు. ఆ వీడియోకి మాత్రం లైకులు బాగా వచ్చాయట.

గ్యాలరీ కట్టుకుంటారో మానుకుంటారో మీ ఇష్టం. కాలువ దగ్గర డ్రోను ఎగరకూడదు, గట్టుకి అటూ ఇటూ మోసేవాళ్ళు తప్ప ఎవరూ దిగకూడదు. అంతే నా గొడవ.

సరంగు
గోదారి మీద లాంచీలో పనిచేసినవాణ్ణి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగినప్పుడు మా లాంచీ పనిలో లేదు. అది నా అదృష్టం. నది వరద మీద ఉండగా కూడా పాపికొండల టూరని జనాన్ని ఎక్కించుకుని వెళ్ళింది ఆ బోటు. 2015 పుష్కరాల మొదటిరోజు రాజమండ్రి రేవులో తొక్కిసలాట కూడా చూశాం, పాతికమందికి పైగా పోయారు. రెండుచోట్లా జనాన్ని పిలిచే ఉత్సాహం ఉంది, ఎక్కడ ఆపాలో చెప్పేవాడు లేడు. 2027లో మళ్ళీ పుష్కరాలు వస్తున్నాయి.

గ్యాలరీ కడితే జనం తగ్గరు, పెరుగుతారు. సీటు ఉందంటే ఇంకో బస్సు వేస్తారు. ముందు ఆ తోటలో ఎంతమంది పడతారో, ఎన్ని దారులున్నాయో చూడండి. రెండో దారి లేకపోతే మిగతా మాటలు అనవసరం.

మొసలపల్లి కోడలు
అందరూ మగవాళ్ళే రాస్తున్నట్టున్నారు, తెలిసిపోతోంది.

ఏమీ కట్టొద్దు, తోట తోటలాగే ఉండాలి. బాగుంది. మరి పొద్దున్న పదింటికి వచ్చి చీకటిపడేదాకా ఉండే ఆడవాళ్ళు ఎక్కడికి వెళ్ళాలి? ఆ రోజు మా ఇంటి బాత్రూముకి వరస కడతారు. వచ్చేవాళ్ళు ముఖపరిచయం కూడా లేనివాళ్ళు, మొహమాటంగా నిలబడతారు, కాదనలేం. మా అత్తగారు డ్రమ్ములు ముందురోజే నింపిస్తుంది. మా ఇంటిదాకా రాలేనివాళ్ళు నీళ్ళు తాగడమే మానేస్తున్నారు. ఒకావిడ కళ్ళు తిరిగి మా అరుగు మీదే పడింది.

సిమెంటు గ్యాలరీ నాకూ అక్కర్లేదు. కానీ 'వద్దు' అనే చిట్టాలో మరుగుదొడ్లు కూడా కలిపేస్తే ఊరుకోను. అవి కట్టేటప్పుడు కూడా చూసుకోండి, ఇక్కడ నాలుగు అడుగులు తవ్వితే నీళ్ళు. గొయ్యి తీసి వదిలేస్తే పక్కింటి బోరులో తేలుతుంది. ట్యాంకు పెట్టి ఎత్తుకుపోయే రకమే తేవాలి.

భాగ్యనగరం బస్సు
మా అమ్మ ఆ రోజు నీళ్ళు ఎందుకు తాగనందో ఇప్పుడు అర్థమైంది. నేను ఎండకి అనుకున్నాను.

పూతరేకు
ఇంతకీ ఆత్రేయపురం పూతరేకుల స్టాలు పెట్టనిస్తారా? 2023లో జీఐ (భౌగోళిక గుర్తింపు) ట్యాగు కూడా వచ్చింది మనకి :)

కౌశిక గట్టు
పెట్టండి. కానీ ఆశీలు (కొట్ల దగ్గర రుసుము వసూలు చేసే హక్కు) పాట పాడుకున్న ఆయన చదరపు అడుగుకి ఎంత చెబుతాడో ముందు కనుక్కోండి. జీళ్ళు, ఖర్జూరం అమ్ముకునే ముసలావిడ ఇరవై ఏళ్ళుగా కూర్చునే చోటు పోయినేడు ఐస్‌క్రీమ్ బండికి వెళ్ళిపోయింది. దీనిమీద వేరే చర్చ పెట్టాలి.

అసలు విషయానికొస్తే, నేను మొదట రాసిందాంట్లో కొంత వెనక్కి తీసుకుంటున్నాను. 'ఏమీ వద్దు' అన్నది తప్పు. వెదురుతో, తాటి దూలాలతో ఒక్కరోజుకి కట్టి విప్పేసే బల్లలు పెద్దవాళ్ళకి వెయ్యొచ్చు. ప్రభలు కట్టే ఊళ్ళకి అది రాని పనేం కాదు, ఆ కూలి కూడా ఊళ్ళోనే ఉంటుంది. మరుగుదొడ్లు ట్యాంకులవి. కాలువ దగ్గర డ్రోను బంద్. బండ్లు అంబాజీపేటలోనే ఆపి అక్కణ్ణుంచి ఆటోలు. సిమెంటు మాత్రం వద్దనే ఇప్పటికీ అంటాను. ఆదివారం కమిటీ కూర్చుంటోంది, ఇవి కాయితం మీద రాసి ఇస్తాను.

భాగ్యనగరం బస్సు
బల్లలు ఏటా కట్టి విప్పడం మూడేళ్ళు చేస్తారు, నాలుగో ఏడు ఎవరూ ముందుకు రారు. పర్మనెంటు అంటున్నది అందుకే. దాని సంగతి నాకు ఇంకా నమ్మకం లేదు. డ్రోను, మరుగుదొడ్ల సంగతి ఒప్పుకుంటున్నాను. అంబాజీపేట నుంచి ఆటో అంటే మా అమ్మని ఆటో దిగాక ఎంత నడిపిస్తారు, అది కూడా రాయండి.

సరంగు
తోటకి రెండో దారి సంగతి మీ కాయితంలో లేదు.

కౌశిక గట్టు
చేర్చాను. నడక దూరం కూడా. పంట నష్టం ఇవ్వాలని ఒక ముక్క కూడా రాశాను.

కౌలు చేను
ఎవరికి ఇవ్వాలని రాశారు? 'భూ యజమానికి' అని రాస్తే నాకు రాదు. 2019 చట్టం కింద కౌలు కార్డు కావాలన్నా ఆసామి సంతకం పెట్టాలి, మా ఆసామి పెట్టలేదు. 'ఆ చేలో ఊడ్చినవాడికి' అని రాయండి. ఎవరు ఊడ్చారో పదకొండు ఊళ్ళకీ తెలుసు.